సైలెంట్ నైట్: ఎలుకలు ఆర్గాన్ కొరికిన కథ నిజమేనా? గిటార్‌తో ఎలా పాడాలి?

క్వాయర్_ఆల్టో (ప్రశ్న)
డిసెంబరు 24 రాత్రి ఆరాధనలో "సైలెంట్ నైట్" క్రిస్మస్ పాటను మొట్టమొదట పాడిన పద్ధతిలో, రెండు గొంతులు, ఒక గిటార్‌తో పాడాలనుకుంటున్నాం. ముందు రెండు నిమిషాల పరిచయం ఉంటుంది. ఎలుకలు చర్చి ఆర్గాన్ గాలి తిత్తిని కొరికేశాయనీ, అందుకే గిటార్ పట్టారనీ, పాదిరిగారు ఆ సాయంత్రమే పాట రాశారనీ అందరూ చెప్పే కథ చెప్పొచ్చా? ఏ స్కేల్ పెట్టాలి, ఏ చరణాలు పాడాలి? చివర సంఘమంతా కలిసి తెలుగు "శుద్ధరాత్రి" పాడతారు.

పాతకీర్తనలు
ఎలుకల్ని వదిలేయండి. స్వరకర్త ఫ్రాంజ్ గ్రూబర్ 1854లో ఈ పాట పుట్టుక గురించి స్వయంగా రాసిచ్చిన కాగితం ఉంది. ఈ పాట మైఖేల్ హైడన్ అనే మరో స్వరకర్తదా అని బెర్లిన్ రాజాస్థాన సంగీత విభాగం ఆరా తీస్తే జవాబుగా రాసింది. అందులో ఎలుకలూ లేవు, పాడైన ఆర్గానూ లేదు. 1818 డిసెంబరు 24న సహాయ పాదిరి యోసెఫ్ మోర్ ఒక కవిత ఇచ్చి, రెండు గొంతులకు, బృందానికి, గిటార్‌కు సరిపడా స్వరం కట్టమన్నాడని మాత్రమే ఉంది. ఆ రాత్రే సాల్జ్‌బర్గ్ దగ్గరి ఓబెర్న్‌డోర్ఫ్‌లో, సెయింట్ నికోలస్ చర్చిలో పాడారు.

కవిత ఆ సాయంత్రం రాసిందీ కాదు. 1995లో బయటపడిన మోర్ చేతిరాత ప్రతిలో కవితకు 1816 అని ఉంది. అప్పటికి ఆయన మరియాప్ఫార్ అనే వేరే ఊళ్లో ఉన్నాడు.

పరిచయంలో ఈ 1816 సంగతే చెప్పండి, అసలు కథ అదే. నెపోలియన్ యుద్ధాలు అప్పుడే ముగిశాయి. సాల్జ్‌బర్గ్ ప్రాంతం ఆ ఏడే ఆస్ట్రియా చేతికి వచ్చింది. సాల్జాఖ్ నది సరిహద్దయి, అంతవరకూ ఒకే ఊరిగా ఉన్న లౌఫెన్, ఓబెర్న్‌డోర్ఫ్ విడిపోయాయి: లౌఫెన్ బవేరియాలో (నేటి జర్మనీ), ఓబెర్న్‌డోర్ఫ్ ఆస్ట్రియాలో పడ్డాయి. ఆ ఏడు వేసవే రాలేదు, పంటలు పోయాయి. అలాంటి ఏడాది రాసిన కవిత నాలుగో చరణంలో యేసు సోదరుడిలా లోకంలోని జనాలన్నిటినీ అక్కున చేర్చుకున్నాడని ఉంటుంది. పాటకు ఆరు చరణాలు. మనకు తెలిసిన మూడూ వరుసగా 1, 6, 2. నాలుగోది ఎవరూ పాడరు, నాకైతే అదే పాటకు ప్రాణం. జర్మన్‌లో పాడలేకపోతే ఒకరు తెలుగులో భావం చదవండి, కింద గిటార్ మెల్లగా నడవనివ్వండి.

ఆరుతీగలు
మోర్ ప్రతి డి మేజర్ స్కేల్‌లో, 6/8 తాళంలో (ఒక్కో బార్‌కు, అంటే తాళం ఆవృత్తికి, ఆరు దెబ్బలు) ఉంది. మోర్ పై గొంతు పాడుతూ గిటార్ వాయించాడు, గ్రూబర్ కింది గొంతు పాడాడు. ప్రతి చరణంలో చివరి రెండు పాదాలను బృందం మళ్లీ అందుకునేది.

చరణానికి 12 బార్లు, మూడే కార్డ్‌లు: డి, డి, ఏ7, డి, జి, డి, జి, డి, ఏ7, డి, తర్వాత సగం బార్ డి సగం ఏ7, చివర డి. బృందం పాడేది 9 నుంచి 12 వరకు.

కుడిచేతికి బార్‌కు ఆరు మీటులు: బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరం, మధ్య, చూపుడు. నైలాన్ తీగలే మేలు, అప్పట్లో పేగు తీగలు కాబట్టి ఆ మెత్తదనానికి అవే దగ్గర. స్టీల్ తీగల మీద పిక్‌తో స్ట్రమ్ చేస్తే కింది గొంతు వినబడదు.

అందరూ చేసే తప్పు నెమ్మది. బార్‌లో ఆరు దెబ్బలు లెక్కపెడుతూ పాడితే పాట ఈడుస్తుంది, పాదం మధ్యలోనే ఊపిరి అయిపోతుంది. బార్‌కు రెండు దెబ్బలే వేయండి, ఊయల ఊపినట్టు నడుస్తుంది. కింది గొంతు చాలాచోట్ల పై స్వరానికి మూడో స్వరం లేదా ఆరో స్వరం దూరంలో నడుస్తుంది. కాబట్టి అది పైదాన్ని మించి వినబడకూడదు.

క్వాయర్_ఆల్టో
ధన్యవాదాలండీ. సంఘం కూడా డి మేజర్‌లోనే పాడొచ్చా?

ఆరుతీగలు
వద్దండీ. 9వ బార్‌లో పై జి వస్తుంది, మామూలు గొంతులు అక్కడ కీచుమంటాయి. సంఘానికి బి ఫ్లాట్ పెట్టండి, పై స్వరం ఇ ఫ్లాట్‌కు దిగుతుంది. మొదటి ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగించి ఏ, డి, ఇ7 ఆకారాలు పట్టుకుంటే చాలు. చరణం మొదలయ్యే ముందు ఇ7 ఆకారం రెండు బార్లు మోగిస్తే కొత్త స్కేల్ అందరి చెవికీ ఎక్కుతుంది. కాపో బిగించాక శ్రుతి ఒకసారి సరిచూసుకోండి, తీగలు కాస్త పైకి లాగుతాయి.

పాతకీర్తనలు
తెలుగు గురించి ఒక్క మాట. మొదటి బార్‌లో నాలుగు స్వరాలు, "శుద్ధరాత్రి"లో నాలుగు అక్షరాలు, చక్కగా కూర్చుంటాయి. కానీ మొదటి స్వరం సాగాలి. "శుద్" అని వెంటనే దకారం నొక్కేస్తే అది తెగిపోతుంది. "శు"లో అచ్చును పూర్తిగా సాగదీసి, "ద్ధ"ను రెండో స్వరం మీదే పలకమనండి. ఆ బార్‌లో చివరి సాగే స్వరం మీద "త్రి" పడుతుంది, అక్కడ నోరు బిగిస్తే ఇకారం సన్నగా గీస్తుంది. పెదవులు కొంచెం గుండ్రంగా పెట్టమని చెప్పండి.