యేసు సిలువ మీద కదా రక్షించింది, మరి పుట్టిన రోజే రక్షకుడు ఎలా?

అందరికీ వందనాలు. సండే స్కూల్‌లో 9 నుంచి 12 ఏళ్ల పిల్లలకి చెప్తాను, సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కి ముందే చర్చిలో చేసుకునే వేడుక) ముందు బైబిల్లో లూకా 2:11 తీసుకున్నా, "నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు" అని. నాలుగో క్లాస్ పాప వెంటనే, అక్కా పాపాలు పోయింది సిలువ మీద అన్నారుగా, మరి పొత్తిగుడ్డల్లో ఉన్న బాబు అప్పుడే రక్షకుడెలా అయ్యాడు అంది.

మత్తయి 1:21 చూపించా, యేసు అంటేనే యెహోవా రక్షణ అని. పేరు పెట్టినంత మాత్రాన పని అయిపోయినట్టా అంది, నిజమే. తర్వాత వారం యోహాను 1:14 చదివించా కానీ "శరీరధారియై" (అంటే మనిషి శరీరం తీసుకుని) దగ్గరే అందరూ ఆగిపోయారు, ఆ మాట విప్పి చెప్పేసరికి టైమ్ అయిపోయింది. మా సంఘపెద్దని అడిగితే పుట్టకపోతే చనిపోలేడు కదమ్మా అన్నారు, అదే చెప్తే పాప, అయితే పుట్టడం ఊరికే సిలువకి రెడీ అవ్వడానికేనా అని ఇంకో ప్రశ్న వేసింది (పిల్లల దగ్గర తప్పించుకోలేం).

హెబ్రీ 2:14లో పిల్లలు రక్తమాంసాలు గలవాళ్లు కాబట్టి ఆయన కూడా వాటిలో పాలివాడయ్యాడు (పాలు పంచుకున్నాడు) అని ఉంది, జవాబు అక్కడే ఉందనిపిస్తోంది గానీ పిల్లల భాషలో పెట్టడం రావట్లేదు. నాకుండేది 10 నిమిషాలే, ఫ్లానెల్ బోర్డు (బొమ్మలు అంటించి కథ చెప్పే గుడ్డ బోర్డు) ఉంది, ప్రొజెక్టర్ లేదు.

దేవుడు మనిషిగా పుట్టడమే రక్షణలో భాగం అని ఈ వయసు పిల్లలకి ఏ ఉదాహరణతో చెప్తే అర్థమవుతుంది?