వైతరణి: పేరు నరకానిదా, నదిదా?

ముంబై నుంచి:
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మని తీసుకుని డహాణూ లోకల్లో పాల్ఘర్ వెళ్తున్నాను. విరార్ దాటగానే వచ్చే స్టేషన్ పేరు వైతరణా. పేరు చదివి చెప్పగానే ఆవిడ గబుక్కున దండం పెట్టేసి, "ఇదేం పేరే, యమలోకం దారిలో ఏరు కదా! ఇక్కడ మనుషులు దిగుతున్నారేమిటి?" అంది. డబ్బాలో ఉన్న మరాఠీ ఆడవాళ్లకి ఆ బెంగేమీ లేదు. వాళ్లకది పక్కనున్న నది పేరు, అంతే. ముంబైకి మంచినీళ్లిచ్చే ఏడు జలాశయాల్లో అప్పర్ వైతరణ, మిడిల్ వైతరణ అని రెండున్నాయి, మోడక్ సాగర్ కూడా ఆ నది మీదిదే. అంటే మేం తాగేవి వైతరణి నీళ్లే! నరకంలో ఏటి పేరు తాగే నీళ్లకి ఎలా వచ్చింది? అసలు ఈ పేరు ముందు ఏ నదిది?

శ్రీకాకుళం నుంచి:
అమ్మాయీ, మీ అమ్మమ్మగారి కంగారులో అర్థం ఉంది. మన ఇళ్లలో ఈ మాట వినపడేది కర్మకాండల దగ్గరే. గోదానం ఇచ్చిన ఆవు తోక పట్టుకుని పోయినవాళ్లు వైతరణి దాటుతారని కదా నమ్మకం. గరుడపురాణం ప్రకారం దాని వెడల్పు నూరు యోజనాలు. నీళ్లకి బదులు చీమూ నెత్తురూ, గట్లన్నీ ఎముకలు, లోపల మొసళ్లు. సంస్కృత నిఘంటువు అమరకోశం కూడా నరకాల పేర్లు రౌరవం, కాలసూత్రం అంటూ చెప్పి, ఆ వెంటనే "ప్రేతా వైతరణీ సింధుః" అంటుంది, అక్కడి నది వైతరణి అని.

భారతంలో మాత్రం ఇది మామూలు నది. అరణ్యపర్వంలో పాండవులు తీర్థయాత్ర చేస్తూ గంగ సముద్రంలో కలిసే చోటు చూసుకుని, తీరం వెంట కళింగానికి వస్తారు. అప్పుడు వాళ్ల వెంట ఉన్న లోమశ మహర్షి ధర్మరాజుతో "ఏతే కళింగాః కౌంతేయ యత్ర వైతరణీ నదీ" అంటాడు. ఇదే కళింగం, వైతరణి ఉన్నది ఇక్కడే అని. పాండవులూ ద్రౌపదీ నదిలో దిగి పితరులకి తర్పణాలు విడుస్తారు. చీమూ లేదు, నెత్తురూ లేదు.

ఆ నది ఇప్పటికీ ఒడిశాలో పారుతోంది, వాళ్లు బైతరణి అంటారు. కెందుఝర్ కొండల్లో పుట్టే చోటు పేరు గోనాసిక, అంటే ఆవు ముక్కు. దాటడానికి ఆవు తోక, పుట్టడానికి ఆవు ముక్కు! అక్కణ్ణుంచి జాజ్‌పూర్ మీదుగా వెళ్లి, బ్రాహ్మణితో కలిసి ధామ్రా దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. శక్తిపీఠాల శ్లోకంలో మనం "ఓఢ్యాయాం గిరిజాదేవి" అని చదువుకునే విరజాదేవి గుడి ఆ జాజ్‌పూర్‌లోదే. అక్కడే నాభిగయలో పిండాలు పెడతారు.

నా ఉద్దేశంలో బతికున్నవాళ్ల నదే ముందు. బౌధాయన ధర్మసూత్రం కళింగానికి వెళ్లినవాడు కాళ్లతో పాపం చేసినట్టే అని తేల్చి, ప్రాయశ్చిత్తం కూడా చెప్పింది. (ఆ లెక్కన మా కళింగాంధ్ర వాళ్లం పుట్టుపాపులం.) ఉత్తరాది వాళ్లకి ఆ ఏరు దాటడమే ఒక గండం. చనిపోయాక దాటాల్సిన ఏరు అనే ఊహకి ఆ భయం తోడై ఉంటుంది. మొసళ్ల సంగతి కూడా చూడండి. బైతరణి, బ్రాహ్మణి సముద్రంలో కలిసే చోటే భితర్‌కనికా మడ అడవులు. ఇప్పటికీ వెయ్యికి పైగా ఉప్పునీటి మొసళ్లున్నాయి అక్కడ.

హైదరాబాద్ నుంచి:
మాస్టారూ, పాతకాలంలో మొసళ్లు లేని పెద్ద ఏరు ఎక్కడుందండీ? గంగలో ఉన్నాయి, కృష్ణలో ఉన్నాయి. పైగా అమ్మాయి అడిగిన వైతరణకి మీ కళింగం లెక్క పనికిరాదు. అది త్ర్యంబకం కొండల్లో, మన గోదావరి పుట్టే చోటికి దగ్గర్లోనే పుట్టి, గోదావరి తూర్పుకు వస్తే అది పడమటికి పోయి అరేబియా సముద్రంలో కలుస్తుంది. త్ర్యంబకం లాంటి తీర్థం పక్కన ఈ పేరు పెట్టారంటే భయపెట్టడానికి కాదు. బతికుండగానే వైతరణిలో మునిగితే పోయాక ఆ బాధ తప్పుతుందన్న ఆశతో పెట్టి ఉంటారు.

వ్యుత్పత్తి సంగతి. గరుడపురాణమే "దానం వితరణం ప్రోక్తం" అని మొదలుపెట్టి, దానంతో దాటేది కాబట్టి వైతరణి అంటుంది. తెలుగులో మనం వితరణశీలి అంటాం కదా, ఆ వితరణే. ఆవుని దానం పుచ్చుకునేవారికి భలే అనుకూలమైన వివరణ! అసలు ధాతువు తౄ, దాటడం. తరణం, తరించడం, అవతారం అన్నీ దాని పిల్లలే. పేరులో దాటడమే ఉంది, నరకం లేదు.

శ్రీకాకుళం నుంచి:
మొసళ్లు రుజువని నేననలేదు బాబూ, తోడై ఉంటాయన్నాను. ఇంకో మాట. ఈ ఏరు నరకం వదిలి మనసులోకి కూడా వచ్చింది. చాణక్యనీతిలో "క్రోధో వైవస్వతో రాజా తృష్ణా వైతరణీ నదీ" అని ఉంది. కోపమే యముడు, ఆశే వైతరణి. భాగవతంలో ప్రహ్లాదుడు నృసింహుడితో నీ కథలు పాడుకునే నాకు వైతరణి అంటే బెదురు లేదంటాడు. పోతన దాన్ని సంసరణోగ్రవైతరణి చేశాడు, అంటే సంసారమనే భయంకరమైన వైతరణి. నోరు తిరగకపోయినా రెండుసార్లు చదవండి, ఆ ఉగ్ర దగ్గర ఏరు పొంగుతుంది.

ముంబై నుంచి:
చాలా సంతోషమండీ. ఇదంతా అమ్మమ్మకి చెప్పి, ఆ పేరుతో ఓడ కూడా ఉండేదన్నాను. 1885లో కట్టిన వైతరణ అనే ఆవిరి ఓడ 1888 నవంబరులో కచ్‌లోని మాండ్వీ నుంచి బొంబాయి వస్తూ సౌరాష్ట్ర తీరం దగ్గర తుఫానులో మాయమైంది. ఏడు వందల మందికి పైగా పోయారు. కరెంటు దీపాలుండేవని జనం దాన్ని వీజళీ, అంటే గుజరాతీలో కరెంటు, అనేవాళ్లు. "చూశావా, నేను చెప్పలా!" అంది అమ్మమ్మ. ఇక ఎవరు చెప్పినా వినదు. ఇంకో డౌటు: కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అంటాం కదా, అది ఈ ఆవు తోకని వెక్కిరించడానికి పుట్టిందా?

హైదరాబాద్ నుంచి:
వెక్కిరింపు కాకపోవచ్చు. భాగవతం ఆరో స్కంధంలో వృత్రాసురుడికి భయపడ్డ దేవతలు విష్ణువుని స్తుతిస్తూ, నిన్ను వదిలి ఇంకొకర్ని ఆశ్రయించేవాడు "శ్వలాంగులేనాతితితర్తి సింధుం" అంటారు. కుక్క తోకతో సముద్రం దాటాలనుకునే తెలివితక్కువవాడని. సంస్కృతంలో సముద్రం, మనకి గోదావరి. మీ దగ్గర మరాఠీలో ఇలాంటి సామెత ఉందేమో కనుక్కుని రాయమ్మా.