డ్వాక్రా గ్రూపులో ఇద్దరు కిస్తీ కట్టట్లేదు, లీడరు పుస్తకం చూపట్లేదు. ఏం చేయాలి?

పొదుపుమల్లి:
పది మంది గ్రూపు. బ్యాంకు లింకేజీలో, అంటే గ్రూపు పేరు మీద బ్యాంకు ఇచ్చే అప్పుగా, 10 లక్షలు వస్తే తలా లక్ష పంచుకున్నారు. మూడో నెల నుంచి ఇద్దరు కట్టట్లేదు, వాళ్ల వాటా కూడా మిగతావాళ్లే వేస్తున్నారు. పైగా ఒకటో లీడరు ఇంటింటికీ తిరిగి వసూలు చేస్తుంది, పుస్తకం ఆమె ఇంట్లోనే. అడిగితే "నా మీద నమ్మకం లేదా" అంటుంది. గ్రూపు విడిపోకుండా దారికి తెచ్చేదెలా?

లెక్కలపుస్తకం:
12 శాతం వడ్డీ, 36 నెలలు అనుకుంటే లక్షకు కిస్తీ సుమారు 3,321. ఇద్దరు ఆగితే ఎనిమిది మంది మీద నెలకు తలా 830 అదనం. దాన్ని "సర్దుబాటు"లే అని వదిలేస్తేనే కొంప మునిగేది. రాసుకోని డబ్బుకి ఆర్నెల్లు పోతే అప్పు అన్న పేరే ఉండదు.

ఈ మీటింగులోనే ఆ బాకీని సంఘం నిధిలోంచి అంతర్గత అప్పుగా వాళ్లిద్దరి పేర్ల మీద రాయండి. ఎంత, వడ్డీ ఎంత, ఎన్ని వాయిదాలు అన్నీ తీర్మానంలో ఉండాలి, వాళ్ల సంతకాలతో. ఇప్పటిదాకా చేతి నుంచి వేసినవాళ్ల పేర్లు, మొత్తాలు కూడా అదే పేజీలో.

ఆ లక్ష అసలు ఎవరు వాడుకున్నారో కనుక్కోండి. సమానంగా పంచితే వచ్చే చిక్కే ఇది. అవసరం లేనామె తన వాటా తోడికోడలికో పక్కింటావిడకో ఇచ్చేస్తుంది. అప్పుడు సంతకం పెట్టినామెను నిలదీసి లాభం లేదు, వాడుకున్నామెను మీటింగులో కూర్చోబెట్టాలి. గేదె చచ్చిపోయిందో, ఆసుపత్రి ఖర్చో అయితే సగం కిస్తీ అయినా కట్టించండి, పూర్తిగా ఆపనివ్వొద్దు. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, మళ్లీ లోను అడగడానికి మొహం ఉండదు.

గట్టుమీదక్క:
లీడరు సంగతి. "నమ్మకం" మాటకు జవాబు చెప్పబోతే గొడవే. మనిషి గురించి ఎత్తకుండా పద్ధతి మార్చండి.

ఇంటింటి వసూలు బంద్. డబ్బు మీటింగులోనే చాప మీద పెట్టి, అందరికీ వినబడేలా లెక్కపెట్టి, లేచేలోపే ఎవరి పాసుబుక్కులో వాళ్లకు రాయాలి. మర్నాడు బ్యాంకులో కట్టి, ఆ చీటీని తీర్మానాల పుస్తకంలో అంటించాలి. పుస్తకం రాసేది లీడర్లు కాని మూడో మనిషి అయితే మంచిది. చదువు రానివాళ్ల కోసం చివర్లో నిల్వ ఎంతో పైకి చదవండి. బ్యాంకు మెసేజీలు ఎవరి ఫోనుకు వస్తున్నాయో కూడా చూడండి, చాలా గ్రూపుల్లో అది లీడరు కొడుకు నంబరే!

లీడర్లిద్దర్నీ ఒకేసారి మార్చొద్దు. కొత్త సంతకాలు బ్యాంకులో ఎక్కేదాకా డబ్బు తీయడం ఆగిపోవచ్చు. ఈసారి ఒకరిని, వచ్చేసారి ఇంకొకరిని.

పొదుపుమల్లి:
మీటింగుకే ఆరుగురు వస్తున్నారక్కా. పది రూపాయల జరిమానా పెట్టినా అంతే.

గట్టుమీదక్క:
జరిమానా కట్టి మానేయడం వాళ్లకు చవక. నాట్ల రోజుల్లో పొద్దున పదింటికి పెడితే ఎవరొస్తారు? రాత్రి ఏడున్నరకు మార్చి, కొత్త అంతర్గత అప్పు ఆ రోజు వచ్చినవాళ్లకే అని తీర్మానం రాయండి.