మీటింగులో "హాయ్ గైస్" అంటే తప్పేంటి?

కొత్తకలం
ఆన్‌లైన్ మీటింగులు నడిపే పని ఈమధ్యే నా నెత్తిన పడింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసిన టీమ్, రకరకాల దేశాలవాళ్ళు, మాట్లాడేదంతా ఇంగ్లీషే. నోటికి అలవాటైనట్టు "హాయ్ గైస్" అని మొదలుపెడుతుంటాను. మొన్న మీటింగయ్యాక ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టారు, వేరే మాటేదైనా వాడితే బాగుంటుందని. మర్యాదగానే అడిగారు. మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు. ఏ మాట వాడాలో తెలీక అడుగుతున్నా. "లేడీస్ అండ్ జెంటిల్మెన్" అంటే మరీ నాటకంలా ఉంటుంది కదా?

దారినపోయే_దానయ్య
"హలో ఎవ్రీవన్" అనండి. అయిపోయింది. దీనికో చర్చా?

పాతచింతకాయ
అయిపోలేదండీ దానయ్య గారూ. ముందు అసలు మార్చాల్సిన అవసరం ఉందా అని చూడాలి.

1605లో లండన్‌లో పార్లమెంటు భవనాన్ని మందుగుండుతో పేల్చేయాలని కుట్ర పన్నినవాళ్ళలో గై ఫాక్స్ ఒకడు. దొరికిపోయాడు. ఆ తర్వాత ఏటా నవంబర్ 5న వాడి దిష్టిబొమ్మ కట్టి తగలబెట్టేవాళ్ళు, ఆ బొమ్మనే "గై" అన్నారు. పోనుపోను చింపిరి బట్టలేసుకున్నవాడు గై అయ్యాడు. అమెరికా చేరాక ఏ మగవాడైనా గై అయ్యాడు. 20వ శతాబ్దానికి "యూ గైస్" అంటే ఎదురుగా ఉన్న అందరూ అయిపోయారు. నాలుగొందల ఏళ్ళుగా అర్థం జరుగుతూ జరుగుతూ వచ్చిన మాట ఇది. తీరా అందరికీ వర్తించే చోటికి చేరాక, కాదు, నువ్వు వెనక్కి పో అంటే ఎలా?

పిల్లకాకి
మా హాస్టల్ అమ్మాయిల గ్రూపులో అందరం గైసే. ఎవరికీ ఏమీ అనిపించదు.

సన్నజాజి
దిష్టిబొమ్మ కథ బాగుందండీ, కానీ మధ్యలో మగవాడి మజిలీ ఉందని మీరే చెప్పారు. ఆ మజిలీ దాటేసిందని మీరంటున్నారు. దాటలేదని నేనంటున్నా. "ఎ గై ఈజ్ వెయిటింగ్ ఫర్ యూ" అంటే బయట ఒకామె కూర్చుని ఉందని ఎవరైనా అనుకుంటారా? "ద గైస్ వెంట్ అవుట్" అంటే? పేరంటానికి వెళ్ళారనుకుంటారా? ఏకవచనంలో మగవాడు, కథ చెప్పేటప్పుడు మగవాళ్ళు, పిలిచేటప్పుడు మాత్రం అందరూ. అంటే అసలు అర్థం మగవాడిదే, మమ్మల్ని అందులో సర్దుకోమంటున్నారు.

పాతచింతకాయ
పిలుపు వేరు, ప్రస్తావన వేరు. ఈ తేడా గమనించకపోవడం వల్లే ఇంత రాద్ధాంతం. పైన పిల్లకాకి గారు చెప్పింది మళ్ళీ చదవండి.

ఇంకో సంగతి. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే ఇంగ్లీషుకీ ఒకప్పుడు ఒక మనిషికి "దౌ", పదిమందికి "యే" ఉండేవి. "యే"కి కర్మరూపమే "యూ". అది మెల్లగా అన్నింటినీ మింగేసింది, 17వ శతాబ్దంలో "దౌ" మామూలు మాటల్లోంచి తప్పుకుంది. దాంతో ఒకరైనా వందమందైనా "యూ"నే. బహువచనం లేక జనం తలో దారీ పట్టారు. అమెరికా దక్షిణాన "యాల్", పిట్స్‌బర్గ్‌లో "యింజ్", ఐర్లండ్‌లో, లివర్‌పూల్‌లో "యూజ్", ఇంగ్లండ్‌లో "యూ లాట్". "యూ గైస్" పుట్టిందీ ఆ ఖాళీలోకే. అది పలకరింపు ఒక్కటే కాదు, సర్వనామం పని చేస్తోంది. "వాట్ డూ యూ గైస్ థింక్?" అనే వాక్యంలో "గైస్" తీసి "ఎవ్రీవన్" పెట్టి చూడండి. వాక్యం మొత్తం తిరగరాయాలి.

రైలుబండి
సమాచారం కోసం: లండన్ అండర్‌గ్రౌండ్ (అక్కడి మెట్రో రైలు) 2017లోనే "లేడీస్ అండ్ జెంటిల్మెన్" మానేసి "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్" అనమని సిబ్బందికి చెప్పింది. ఎయిర్ కెనడా 2019లో మార్చింది. జపాన్ ఎయిర్‌లైన్స్ 2020 అక్టోబర్ నుంచి మార్చింది, అదీ ఇంగ్లీషు ప్రకటనల్లోనే. వాళ్ళ జపనీస్ ప్రకటనలో ఆడా మగా తేడా ముందునుంచీ లేదు. ఏ విమానమూ ఎగరడం మానలేదు.

మధ్యగీత
"లేడీస్ అండ్ జెంటిల్మెన్" అంటే నేను ఆ రెండిట్లోనూ లేను. "ఎవ్రీవన్" అంటే ఉన్నాను. నా వరకు ఇంతే.

పాతచింతకాయ
రైలుబండి గారూ, కంపెనీ ప్రకటన వేరు, నలుగురు కూర్చుని మాట్లాడుకునే మాట వేరు. ప్రకటన ఎవరో రాసిస్తే చదువుతారు. నోట్లోంచి వచ్చే మాటకి ఎవరూ స్క్రిప్టు రాసివ్వరు. పైగా మీ ఉదాహరణల్లో "గైస్" ఎక్కడుంది?

నక్షత్రకుడు
ఒక చిన్న పరీక్ష. కొత్తకలం గారు రేపు "హాయ్ గర్ల్స్" అని మొదలుపెట్టాలి. టీమ్‌లో మగవాళ్ళు ఎంతసేపు ఊరుకుంటారో చూద్దాం.

పాతచింతకాయ
"గర్ల్స్" ఎప్పుడైనా అందరికీ వాడారా? పోలికే తప్పు.

నక్షత్రకుడు
ఎందుకు వాడలేదో అడుగుతున్నా. మగమాట పెద్దదై అందరినీ కలుపుకుంటుంది, ఆడమాట మాత్రం ఎప్పటికీ ఆడమాటే. ఎందుకంటారు?

పాతచింతకాయ
భాష అలా నడిచింది. నేను నడిపించలేదు.

కొత్తకలం
మాటలో మాట, "ఫోక్స్" ఎలా ఉంటుంది?

దారినపోయే_దానయ్య
ఓట్లు అడుగుతున్నట్టుంటుంది.

రైలుబండి
"టీమ్" అనొచ్చు, కానీ మీరు బాస్ అయితేనే నప్పుతుంది. పైవాళ్ళున్న మీటింగులో "హాయ్ టీమ్" అంటే ఎబ్బెట్టు. "యాల్" మనం అంటే తెచ్చిపెట్టుకున్నట్టుంటుంది. "యూ లాట్" అసలే వద్దు, కసిరినట్టు వినబడుతుంది.

సన్నజాజి
పాతచింతకాయ గారూ, మీరు వ్యాకరణం చెబుతున్నారు కాబట్టి నేను నా సంగతి చెబుతా. బయటి సంస్థ నుంచి మా ముగ్గురికి ఒక మెయిల్ వచ్చింది. నేను, నా కింద పనిచేసే ఇద్దరు అబ్బాయిలు. మొదటి పేరు నాదే. మొదటి లైను "డియర్ సర్స్". ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సింది నేను. జవాబులో చివర ఒక్క వాక్యం రాశాను, ఇకమీదట పేర్లతో సంబోధించండి అని. తర్వాతి మెయిల్ ఎలా మొదలైందో తెలుసా? "డియర్ సర్స్ అండ్ మేడమ్". మేడమ్ చివర! మావాళ్ళకి అది చూసి నవ్వాగలేదు. అప్పట్నుంచి ఏ మీటింగులోనైనా ఎవరి నోటైనా "గైస్" వస్తే చాలు, ఆగి, నా వైపు చూసి, "సారీ మేడమ్, గైస్ అండ్ మేడమ్" అంటారు. మళ్ళీ నవ్వులు. ఒక్కసారి అడిగిన పాపానికి.

పాతచింతకాయ
"డియర్ సర్స్" తప్పే, అది నేనూ ఒప్పుకుంటా. అది వేరే విషయం. మనం మాట్లాడుతున్నది "గైస్" గురించి.

సన్నజాజి
ఇంత చెబితే మీకు అర్థమైంది ఇదా?

పిల్లకాకి
అంకుల్, ఆవిడ చెప్పింది ఒక్కసారి మళ్ళీ చదవండి.

పాతచింతకాయ
చదివాను. జాలి పడమంటే పడతా. దానికీ, మాట అర్థానికీ సంబంధం చూపించండి. ఎవరికో బాధ కలిగిందని మాటలన్నీ తీసేసుకుంటూ పోతే చివరికి మూగసైగలే మిగులుతాయి.

నక్షత్రకుడు
తీసేయమన్నది ఒక్క మాట. మీరు ఇప్పటికి ఎన్ని పేరాలు రాశారో వెనక్కెళ్ళి చూసుకోండి. ఆ ఒక్క మాట మీద అంత మమకారం దేనికి?

పాతచింతకాయ
దేనికా? చెబుతా వినండి.

నేను చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషు నాకు నోటికి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు. "డియర్ కొలీగ్స్" అంటుంటే పాతకాలపు వాడినని వెక్కిరించారు. అందరూ "గైస్" అంటున్నారు కదా అని నేనూ అలవాటు చేసుకున్నా. కష్టపడి. అది నోటికి పట్టాక, ఒక పెద్ద కాల్‌లో, నా కింద పనిచేసే పిల్లలంతా వింటుండగా, నాకంటే చిన్నావిడ మధ్యలో ఆపి, "ఈ రోజుల్లో అలా అనరండీ" అంది. నేను చెప్పబోయేది ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైందో. అది ఎవరూ వినలేదు. కాల్ అయ్యేదాకా ఎక్కడ ఏ మాట తప్పొస్తుందోనని నోరు పెగల్లేదు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళకి మాట మార్చుకోవడం చొక్కా మార్చుకున్నంత తేలిక. మాకు కాదు. రూలు మార్చిన ప్రతిసారీ మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోవాలి. ఇదీ మమకారం.

దారినపోయే_దానయ్య
ఇది ముందే చెబితే గై ఫాక్స్ గొడవ తప్పేది కదండీ.

సన్నజాజి
మిమ్మల్ని నలుగురిలో ఆపిన పద్ధతి బాగాలేదు, అది మీకే వదిలేస్తున్నా. కానీ ఒకటి చూడండి. మీరు ఒక కాల్‌లో నోరు మూసుకోవాల్సి వచ్చింది. నేను ఒక వాక్యం రాసినందుకు ఇప్పటికీ ప్రతి మీటింగులో నవ్వుల్లో పడుతున్నా. ఇంగ్లీషు నాకూ పుట్టుకతో రాలేదు, నాదీ తెలుగు మీడియమే. "గైస్" మగమాటా కాదా అన్నది నాకు నిజంగా అంత ముఖ్యం కాదు, ఇందాకే ఆ వాదన వదిలేసి ఉండాల్సింది. అడిగినవాళ్ళని ఆటపట్టించడం ఆగితే చాలు, మాట దానంతటదే మారుతుంది.

పాతచింతకాయ
అడిగే తీరు సరిగ్గా ఉంటే ఎవరూ ఆటపట్టించరు.

సన్నజాజి
నేను అడిగిన తీరు సరిగ్గానే ఉంది. మెయిల్ చివర ఒక్క వాక్యం. చూస్తారా?

పాతచింతకాయ
మీ గురించి కాదండీ. అందరూ మీలా అడగరు.

సన్నజాజి
అందరూ మీలా వినరు కూడా. అడగడానికి సరైన తీరు అంటూ ఒకటుంటే, అది మీరొక్కరే ఎందుకు నిర్ణయించాలి?

మధ్యగీత
నేను పైన ఒక మాట రాశాను. దాని మీద ఎవరూ ఏమీ అనలేదు. నొచ్చుకోలేదు, అలవాటే. కానీ ఆడవాళ్ళా మగవాళ్ళా అని మీరిద్దరూ పంచుకుంటున్న బల్ల మీద నాకు కుర్చీ లేదని మాత్రం గమనించండి. మీ ఇద్దరికీ "గైస్ అండ్ మేడమ్" వెటకారం. నన్ను ఎలా పిలవాలో తోచక, నన్ను అసలు పిలవకుండానే మీటింగ్ ముగించినవాళ్ళున్నారు.

పాతచింతకాయ
చూడలేదండీ మీ పోస్టు. "ఎవ్రీవన్" అంటే మీకు సరిపోతుందా?

మధ్యగీత
పలకరించడానికి సరిపోతుంది. తర్వాత పేరు పెట్టి పిలవండి, చాలు.

కొత్తకలం
అందరికీ థాంక్స్. రేపటికి "హలో ఎవ్రీవన్" ఖాయం. మధ్యలో బహువచనం కావాల్సొస్తే "యూ ఆల్" అందామనుకుంటున్నా. ఇంకో చిన్న సందేహం. మెసేజ్ పెట్టినావిడకి జవాబివ్వాలా, లేక మీటింగులోనే అందరి ముందూ ఆవిడ పేరు చెప్పి, ఆవిడ సలహా మేరకు మార్చానని చెప్పనా?

సన్నజాజి
అయ్యో, పేరు చెప్పకండి! విడిగా "సరే" అని ఒక్క ముక్క పెట్టండి. మీటింగులో ఏమీ అనకుండా మాట మార్చేయండి.

పాతచింతకాయ
అంతే చేయండి. నలుగురిలో వద్దు. కానీ "యూ ఆల్" మాత్రం నా చెవికి అస్సలు ఎక్కడం లేదు.

నక్షత్రకుడు
మళ్ళీ మొదలు.