తుఫాను విశాఖ వైపు వస్తే ఏం చేయాలి? హుద్‌హుద్ చూసినవాళ్లు చెప్పండి

మధురవాడ_ఎనిమిదో_అంతస్తు:
అందరికీ నమస్కారం. మేం వరంగల్ నుంచి వైజాగ్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు, తుఫాను అంటే టీవీలో చూడటమే. ఇప్పుడు బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం ఉంది, బలపడి ఇటే రావచ్చంటున్నారు. మాది ఎనిమిదో అంతస్తు, హాలంతా సముద్రం వైపు స్లైడింగ్ అద్దాలే. అత్తయ్యగారికి రోజూ ఇన్సులిన్ ఉండాలి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు ఏమీ కాదంటారు, ఇంకొకరు ఊరు వదిలి పొమ్మంటారు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లు అసలు ఏం జరిగిందో చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

కైలాసగిరి_నడక:
కంగారు పడకండి, తేలిగ్గానూ తీసుకోకండి. 2014 అక్టోబరు 12, ఆదివారం. తెల్లవారేసరికే గాలి పెరిగింది, పొద్దెక్కేకొద్దీ కిటికీ దగ్గర నిలబడలేని పరిస్థితి. మధ్యాహ్నం 12, 1 మధ్యలో విశాఖ దగ్గరే తీరం దాటింది, గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. కైలాసగిరి మీద వాతావరణ శాఖ రాడార్ కూడా మధ్యలోనే ఆగిపోయింది, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది.

మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, సరిగ్గా మన మీదుగా వెళ్తే మధ్యలో ఒక్కసారిగా గాలి ఆగిపోతుంది. ఆ రోజు మా వీధిలో చాలామంది అయిపోయిందనుకుని బయటికొచ్చారు, కార్ల మీద పడ్డ కొమ్మలు తీస్తున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. ఎదురింటి రిటైర్డ్ నేవీ ఆయన ఒక్కరే అందరినీ అరిచి లోపలికి పంపారు. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. పొద్దున ఒక పక్కకి ఒరిగి ఉన్న చెట్లు రెండోసారి పూర్తిగా పడిపోయాయి, అప్పటిదాకా బాగున్న వెనక పక్క కిటికీలు పోయాయి. అందుకే గాలి ఆగినా అధికారులు చెప్పేదాకా తలుపు తీయొద్దు.

హాంగ్‌కాంగ్_తెలుగు:
అద్దాల సంగతి నేను చెప్తాను. నేను 2018 సెప్టెంబరు 16న మాంఖుట్ టైఫూన్‌కి హాంగ్‌కాంగ్‌లోనే ఉన్నాను. ఇక్కడ 8వ నంబరు తుఫాను హెచ్చరిక సిగ్నల్ ఇస్తే బడులు, ఆఫీసులు మూసేస్తారు. ఆ రోజు అన్నిటికంటే పెద్దదైన 10వ నంబరు పెట్టి పది గంటలు ఉంచారు. హంగ్‌హోమ్‌లో ఒక ఆఫీసు టవరుకి అద్దాలు వరసగా పగిలి లోపలి కాగితాలన్నీ గాల్లోకి లేచిపోయాయి. టేపు అతికిస్తే అద్దం పగలదనుకోవద్దు, పగిలినప్పుడు ముక్కలు అంతగా చెదరకుండా ఉంటుంది, అంతే. మీ హాలు గాలికి ఎదురుగా ఉందంటున్నారు కాబట్టి ఆ గది ఖాళీ చేసి, దాని తలుపు మూసి, అందరూ కిటికీలు లేని లోపలి గదిలోనో కారిడార్‌లోనో ఉండండి. బాల్కనీలో పూలకుండీలు, బట్టల స్టాండు, ఏసీ మీద పెట్టిన రేకు ముక్క, ఏదీ ఉంచొద్దు.

ఇంకొకటి, మాకు అసలు కష్టం మర్నాడు మొదలైంది. బడులకి సెలవిచ్చారు కానీ ఆఫీసులు తెరిచారు. రోడ్ల మీద, పట్టాల మీద చెట్లు పడి వేలమంది స్టేషన్లలో ఇరుక్కుపోయారు. మీ ఆఫీసుతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

సీతమ్మధార_గృహిణి:
పై మాట నూటికి నూరుపాళ్లు నిజం. హుద్‌హుద్ గాలి ఒక్క రోజు. ఆ తర్వాత రోజులే మమ్మల్ని ఏడిపించాయి. కరెంటు లేదు, కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై ట్యాంకులో నీళ్లుండవు. మెట్లెక్కి బకెట్లు మోయడం ఎంత కష్టమో పెద్దవాళ్లున్న ఇళ్లకే తెలుసు. పెట్రోలు బంకుల దగ్గర బారులు, పాల ప్యాకెట్‌కి ఎంత అడిగితే అంత ఇవ్వాల్సి వచ్చింది. పసిపిల్లలున్న తల్లులు పాల కోసం వీధులన్నీ తిరిగారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు మరో ప్రమాదం ఉంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. అప్పట్లో అందరి దగ్గరా కాస్తో కూస్తో డబ్బు ఉండేది. ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా ఫోన్‌పే. సిగ్నల్ లేకపోతే, ఏటీఎంకి కరెంటు లేకపోతే ఏం చేస్తారు? పది, ఇరవై, యాభై నోట్లుగా ఇంట్లో పెట్టుకోండి, ఐదు వందల నోటుకి ఆ రోజుల్లో చిల్లర దొరకదు. ఉన్న బకెట్లు, డ్రమ్ములు, చివరికి ప్రెషర్ కుక్కర్లు కూడా నీళ్లతో నింపండి. గ్యాస్ బండ రెండోది ఉందో లేదో చూసుకోండి. పాలపొడి, అటుకులు, ఉప్మా రవ్వ, కొవ్వొత్తులు.

మందులషాపు:
ఇన్సులిన్ గురించి. ఫ్రిజ్ ఆగితే వెంటనే పాడైపోదు, భయపడొద్దు. చాలా రకాలు 30 డిగ్రీల లోపు ఉంటే బయట కూడా నాలుగు వారాల దాకా పనికొస్తాయి. మీరు వాడేది ఏ రకమో పెట్టె మీద చూసి మీ డాక్టరుని ఒక మాట అడగండి. నీళ్లు దిగని డబ్బాలో పెట్టి, తడి ఇసుకలోనో మట్టి కుండ నీళ్లలోనో ఉంచితే చల్లగా ఉంటుంది. ఐసు ముక్కల మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే పారేయాల్సిందే. సూదులు, షుగర్ చూసే స్ట్రిప్పులు, బీపీ మాత్రలు ఇవాళే తెచ్చుకోండి. రేపు మా షాపు ముందు క్యూ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

జాలరిపేట:
అపార్ట్‌మెంట్ల వాళ్లకి కిటికీల భయం, మాకు బోట్ల భయం. హుద్‌హుద్‌కి హార్బర్‌లో కట్టిన బోట్లు ఒకదానికొకటి గుద్దుకుని మునిగిపోయాయి. వేటకి వెళ్లొద్దని రోజుల ముందే చెప్పారు కాబట్టి మనుషులు బతికారు. ఆ హెచ్చరిక లేని కాలంలో మా పెద్దోళ్లు ఎంతమందిని పోగొట్టుకున్నారో. ఇంజన్లు, వలలు ఇప్పుడే పైకి చేర్చండి తమ్ముళ్లూ. పోర్టులో 8, 9, 10 నంబర్ల తుఫాను హెచ్చరికలు ఏవి ఎగరేసినా అవి పెద్ద ప్రమాదానివే. బోటు చూసొస్తానని ఆ గాలిలో రేవుకి పోవద్దు, బోటు పోతే మళ్లీ చేయించుకోవచ్చు.

ఉద్దానం_జీడితోట:
ఊరు వదలాలా అన్నదానికి ఒకటే జవాబు ఉండదండీ. రేకుల ఇల్లు, పూరిల్లు, సముద్రం ఒడ్డు, కొండవాలు, వీటిలో ఏది అయినా ముందే పునరావాస కేంద్రానికి వెళ్లాలి. ఆరిలోవ వైపు కొండ మీద ఇళ్లకి గాలికంటే వానకి జారే మట్టి, బండరాళ్లు ప్రమాదం. హుద్‌హుద్ అప్పుడు విజయనగరం జిల్లా గంట్యాడలో 38 సెంటీమీటర్ల వాన పడింది, గుర్తుందా? గట్టి స్లాబు ఇంట్లో ఉన్నవాళ్లు అక్కడే ఉండటం మేలు. వెళ్లేదుంటే మాత్రం ఇవాళే వెళ్లండి, తర్వాత రైళ్లు ఆపేస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడ్డప్పుడు హైవే మీద చెట్లు పడి ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. మా కొబ్బరి, జీడి తోటలు పోయాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఎన్నేళ్లో రైతుని అడగండి.

డాలస్_నుంచి:
అమ్మానాన్న గాజువాకలో. 2014లో రోజుల తరబడి వాళ్ల గొంతు వినలేదు, టీవీలో విరిగిన చెట్లు చూస్తూ కూర్చున్నాను. ఈసారి రాజమండ్రిలో మా పిన్నికి పని అప్పజెప్పాం. సిగ్నల్ దొరికిన వాళ్లు ఆమెకి ఒక ఎస్ఎంఎస్ పెడితే చాలు, ఆమే మిగతా అందరికీ చెబుతుంది. కాల్ వెళ్లనప్పుడు కూడా ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది.

కైలాసగిరి_నడక:
మంచి ఆలోచన. గ్రూపుల్లో వచ్చే మ్యాపులు, ఆడియోలు వదిలేయండి, వాతావరణ శాఖ బులెటిన్ ఒక్కటే చూడండి. అత్యవసరానికి 112, 1070. తీరం దాటాక తెగిన తీగలు ముట్టుకోవద్దు, కరెంటు లేదు కదా అనుకోవద్దు, ఎవరింట్లోనో జనరేటర్ నడుస్తుండొచ్చు. కొమ్మల గుట్టల దగ్గర నిప్పు జాగ్రత్త. 2014లో దీపావళి అక్టోబరు 23న వచ్చింది, ఎండిన కొమ్మలు అంటుకుంటాయని టపాసులు వద్దన్నారు.

సీతమ్మధార_గృహిణి:
మధురవాడ వాళ్లూ, ఒకటి అడగాలి. మీ వాచ్‌మన్ కుటుంబం ఎక్కడ ఉంటుంది? సెల్లారులోనా? చాలా అపార్ట్‌మెంట్లలో వాళ్లకి రేకుల గదే.

మధురవాడ_ఎనిమిదో_అంతస్తు:
అవునండీ, సెల్లారు పక్కన రేకుల గది, ఇద్దరు చిన్నపిల్లలు. మీరు అడిగాక కమిటీలో మాట్లాడాం. రెండో అంతస్తులో ఖాళీ ఫ్లాట్ ఓనరుకి ఫోన్ చేస్తే తాళాలు ఇవ్వమన్నారు, సాయంత్రం వాళ్ల సామాను పైకి చేరుస్తున్నాం. లిఫ్టు రేపు పొద్దున్నించి ఆపేస్తారట. హాలు ఖాళీ చేశాం, ఇన్సులిన్ తెచ్చాం, అత్తయ్యగారు కుండ కడుగుతున్నారు. జనరేటర్‌కి డీజిల్ తేవడానికి ఇద్దరు వెళ్లారు. రాత్రికి ఇంకేమైనా గుర్తొస్తే ఇక్కడే రాయండి, ఫోన్ ఛార్జింగ్ ఉన్నంతసేపు చూస్తుంటాను.