‘వాడో టైపు’, ‘లెటర్ టైప్ చెయ్యి’: రెండూ ఒకే మాటేనా?

అర్ధవిరామం:
‘వాడో టైపు’ అంటే రకం. ‘లెటర్ టైప్ చెయ్యి’ అంటే కీబోర్డు పని. ఈ రెంటికీ ఏమిటి సంబంధం? డిక్షనరీలో అర్థాలన్నీ వరసగా ఇచ్చారు గానీ ఒకదాంట్లోంచి ఇంకోటి ఎలా వచ్చిందో అంతుపట్టలేదు.

పాతమిషన్:
ఒకటే మాటండీ. గ్రీకులో ‘టుప్తో’ అంటే కొడతాను. ‘టుపోస్’ అంటే దెబ్బ, దెబ్బకు పడిన గుర్తు. యోహాను సువార్త 20:25లో ఏసు చేతుల్లో మేకుల గుర్తు చూస్తే గానీ నమ్మనంటాడు శిష్యుడు తోమా. గ్రీకు మూలంలో ఆ గుర్తుకు వాడింది ఈ మాటే.

ఒకే అచ్చుతో కొట్టినవన్నీ ఒకేలా ఉంటాయి కదా. అలా గుర్తు కాస్తా నమూనా అయింది, నమూనా రకమైంది. ఇంగ్లీషులో అచ్చక్షరాలకు ‘టైప్’ అనే ఈ పేరు 18వ శతాబ్దంలో వచ్చింది, ‘రకం’ అనే అర్థం ఆ తర్వాతిది. అమెరికాలో షోల్స్ అనే ఆయన, మిత్రులు 1868లో పేటెంట్ తీసుకున్న యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ 1874లో టైప్‌రైటర్‌గా అమ్మకానికి పెట్టింది. ‘టైప్ చెయ్యడం’ ఆ యంత్రం పేరులోంచి పుట్టిందే.

నేను చాలాకాలం టైపు మిషన్లు బాగుచేశాను. కడ్డీ చివర చిన్న లోహపు ముక్క మీద అక్షరం తిరగేసి ఉంటుంది. అది రిబ్బన్ మీద పడితే కాగితం మీద అచ్చవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఫుల్‌స్టాప్ గట్టిగా కొడితే కాగితానికి చిల్లే! రోలర్ నిండా సన్నని గుంటలు. అచ్చంగా గ్రీకు టుపోస్ అన్నమాట. మనం ‘టైపు కొట్టడం’ అంటాం చూశారా, ‘టైప్ చెయ్యడం’ కంటే అదే అసలుకు దగ్గర.

ధాతువు:
సంస్కృత ధాతుపాఠంలో (క్రియల మూలాల పట్టికలో) ‘తుప్’ ధాతువుకు హింస అనే అర్థం చెప్పారు. ‘టుప్తో’కు అది చుట్టమే.

అర్ధవిరామం:
భలే! మరి స్టీరియోటైప్?

పాతమిషన్:
అదీ ప్రెస్సు మాటే. ‘స్టెరెయోస్’ అంటే గట్టిది. విడి అక్షరాలు పేర్చిన పేజీకి మూస తీసి, సీసం లోహం పోసి ఒకే పలకగా చేసేవారు. ఇక అందులో అక్షరం మార్చాలంటే తలనొప్పే. మనుషుల మీద మారని అభిప్రాయాలకు ఆ పేరును ప్రచారంలోకి తెచ్చింది 1922లో అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్.

ఇంకోటి. మొదట్లో టైపు కొట్టే మనిషిని కూడా ‘టైప్‌రైటర్’ అనేవారు. పాత ఇంగ్లీషు కథలో ఎవరైనా తన టైప్‌రైటర్‌ను పెళ్లి చేసుకుంటే కంగారు పడకండి.