నిమ్మరసంలో రాత్రంతా ఊరిన పోర్క్, కోస్తే లోపల గులాబీ రంగు. తప్పు ఎక్కడ జరిగింది?

పొయ్యిదగ్గర | ఆదివారం, ఉదయం 10:05

నిన్న రాత్రి ఆరుగురిని భోజనానికి పిలిచాను. ఒకటిన్నర కిలోల పోర్క్ లాయిన్, అంటే వెన్ను పక్కన కొవ్వు తక్కువగా ఉండే కండ, ఒకే ముక్కగా తెచ్చాను. నాలుగు నిమ్మకాయల రసం, నాలుగు పెద్ద చెంచాల సోయా సాస్, దంచిన వెల్లుల్లి, మిరియాలు, తేనె కలిపి పట్టించి ఫ్రిజ్‌లో 18 గంటలు ఉంచాను. పక్కకి వెన్నలో వెల్లుల్లి వేయించి, నిమ్మతొక్క తురుము, కొత్తిమీర కలిపిన అన్నం. కీరా, టమాటా, లెట్యూస్ ఆకులతో సలాడ్.

అన్నం బాగా కుదిరింది. మిగతా రెండూ నన్ను ముంచాయి. మాంసం పైపొర సుద్దలా రాలిపోయింది, తేనె మాడి నల్లబడింది. కోస్తే నడిమధ్యలో లేత గులాబీ రంగు. థర్మామీటర్ గుచ్చితే 64 డిగ్రీలు చూపించింది కాబట్టి ధైర్యంగా వడ్డించాను. ఒక స్నేహితురాలు ముక్కలు పక్కకు జరిపి, అన్నం, సలాడ్ మాత్రం తిని లేచింది. ఒక్క మాట అనలేదు. పొద్దుటి నుంచి అదే కళ్ళ ముందు మెదులుతోంది. సలాడ్ గిన్నె అడుగున చూస్తే అన్నీ నీళ్ళే.

తప్పు ఊరబెట్టడంలోనా, కాల్చడంలోనా?

ఉప్పురాయి | ఉదయం 10:48

ఊరబెట్టడంలోనేనండీ, అనుమానమే లేదు. నాలుగు నిమ్మకాయల పులుపులో 18 గంటలంటే పైపొర నిప్పు తగలకముందే ఉడికినట్టు బిగుసుకుపోతుంది. ఎంత సేపు ఉంచినా పులుపు కొన్ని మిల్లీమీటర్లు దాటి లోపలికి వెళ్ళదు. వెల్లుల్లి, మిరియాల వాసన కూడా అంతే. లోపలికి దిగేది ఉప్పు ఒక్కటే, అదీ నెమ్మదిగా. అందుకే రాత్రంతా ఉంచాల్సింది ఉప్పులో. పులుపు చివరి గంటలో చాలు.

మీ కొలతకి చెబుతాను. ఒకటిన్నర కిలోలకి మొత్తం ఉప్పు 22 గ్రాములు. మీ సోయా సాస్‌లోనే 9, 10 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా 12 గ్రాములు పట్టించండి. ఇది ముందు రోజు పని. నిమ్మరసం వండే ముందు గంట సేపు. తేనె అసలు అందులో కలపొద్దు, కాలడం పూర్తయ్యే ముందు పది నిమిషాల్లో పైన పూయండి, మాడదు. పొయ్యి మీద పెట్టే ముందు తడి పూర్తిగా తుడవండి. తడి ముక్కకి రంగు రాదు.

అనాస, బొప్పాయి కలపమని ఎవరైనా చెబితే మాత్రం వినొద్దు. పచ్చి కాయల్లోని ఎంజైములు పైపొరని పిండిలా చేసేస్తాయి.

కీరాముక్క | ఉదయం 11:02

సలాడ్‌లో ఉప్పు ముందే వేశారా? కీరా, టమాటా ఉప్పు తగిలితే నీళ్ళు వదులుతాయి. కోసిన కీరాకి ఉప్పు రాసి పావుగంట జల్లెడలో ఉంచండి, నీళ్ళు పిండేసి అప్పుడు కలపండి. నూనె, ఉప్పు, పులుపు అన్నీ బల్ల మీద పెట్టే నిమిషంలోనే.

నిదానం | ఉదయం 11:30

అందరూ నిమ్మకాయ దగ్గరే ఆగిపోయారు. పోర్క్ లోపల గులాబీ రంగు ఉందని ఆవిడే రాశారు, దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం? ముప్పై ఏళ్ళుగా వండుతున్నాను. గులాబీ రంగు పోయేదాకా దించను. ఆ స్నేహితురాలు పక్కన పెట్టి మంచి పనే చేసింది. నేనున్నా అదే చేసేదాన్ని.

ఉప్పురాయి | ఉదయం 11:51

నిదానం గారూ, రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేమండీ. పూర్తిగా ఉడికాక కూడా గులాబీగా ఉండిపోయే ముక్కలుంటాయి, ఇంకా ఉడకాల్సి ఉండగానే బూడిద రంగుకి తిరిగేవీ ఉంటాయి. నమ్మాల్సింది వేడిని. అమెరికా వ్యవసాయ శాఖ ముక్కగా ఉన్న పోర్క్‌కి ఒకప్పుడు 71 డిగ్రీలు చెప్పేది. 2011లో దాన్ని 63కి తగ్గించి, దించాక 3 నిమిషాలు కదపకుండా ఉంచమని చెప్పింది. కీమాకి మాత్రం 71 అలాగే ఉంచింది, ఎందుకంటే పైన ఉన్న క్రిములు కొట్టేటప్పుడు లోపలికి కలిసిపోతాయి. ఆవిడ ముక్క 63 దాటింది. తప్పు లేదు.

కొత్తచేయి | మధ్యాహ్నం 12:15

థర్మామీటర్ సరిగ్గా చూపిస్తోందని ఎలా తెలుస్తుంది అన్నా? మాది ఒకే కూర గిన్నెలో రెండుసార్లు పెడితే రెండు అంకెలు చూపిస్తుంది.

ఉప్పురాయి | మధ్యాహ్నం 12:22

గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, సందులు నిండేలా నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఆగండి. మొన అడుగుకీ, పక్కలకీ తగలకుండా ముంచితే 0 చూపించాలి. 2 చూపిస్తే ప్రతిసారీ 2 తగ్గించి లెక్కేసుకోవాలి. మాంసంలో గుచ్చేటప్పుడు మొన అన్నిటికన్నా మందంగా ఉన్న చోట, నడిమధ్యలో ఉండాలి.

రెండోవిజిల్ | మధ్యాహ్నం 12:40

అన్నం బాగా కుదిరిందన్నారు సరే. మిగిలిందా? ఎంత సేపు బయట ఉంది? పోర్క్ గురించి ఇంత భయపడేవాళ్ళు అన్నం గురించి ఎందుకు భయపడరో నాకు అర్థం కాదు. బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గిన్నెలో గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం తయారు చేస్తాయి. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. నాలుగేళ్ళ క్రితం పెద్ద పార్టీలో మిగిలిన అన్నం మర్నాడు వేయించుకుని తిని, నేనూ మా ఆవిడా రోజంతా వాంతులు. అన్నం మీద ఎవరికీ అనుమానం రాలేదు, అందరూ మాంసాన్నే తిట్టారు.

పొయ్యిదగ్గర | మధ్యాహ్నం 1:10

మూడు కప్పులు మిగిలింది. రాత్రి పొయ్యి మీదే ఉండిపోయింది. సలాడ్‌లో ఉప్పు గంట ముందే వేశాను, అదే తప్పన్నమాట.

థర్మామీటర్ పోయిన నెలే ఐసు నీళ్ళలో చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. కానీ నిజం చెప్పాలంటే ఒక్క చోటే గుచ్చాను.

నిదానం | మధ్యాహ్నం 1:34

చూశారా? ఒక్క చోటే. పక్క చోట 58 ఉంటే? ఇంట్లో వండేవాళ్ళు ఆరు చోట్ల గుచ్చరు. కంటికి కనిపించే గుర్తు ఒకటి ఉండాలి. గులాబీ రంగు పోవడం ఆ గుర్తు. కాస్త గట్టిపడితే పడనీ, మనిషి ఆసుపత్రి పాలవ్వడు కదా.

ఉప్పురాయి | మధ్యాహ్నం 1:50

ఆ "కాస్త" వల్లేనండీ పోర్క్ అంటే పిప్పి అని జనం అనుకునేది. లాయిన్‌లో కొవ్వు తక్కువ, 75 దాటితే నీరంతా కారిపోతుంది, నమలడానికి పీచే మిగులుతుంది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నామన్నంత మాత్రాన పద్ధతి సరైనదైపోదు. ముప్పై ఏళ్ళుగా పిప్పే పెడుతున్నారేమో.

కొత్తచేయి | మధ్యాహ్నం 1:58

అన్నా, కొంచెం నెమ్మది.

నిదానం | మధ్యాహ్నం 2:41

చెప్పొద్దనుకున్నాను, చెప్పించారు.

నా తమ్ముడికి 19 ఏళ్ళప్పుడు పరీక్ష రాస్తూ రాస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. స్కాన్ చేస్తే మెదడులో బద్దెపురుగు తిత్తి. పంది నుంచి వచ్చే జబ్బని డాక్టరు చెప్పారు. ఏళ్ళ తరబడి మందులు. బండి నడపొద్దన్నారు, నీళ్ళలో దిగొద్దన్నారు. వచ్చిన ఉద్యోగం పోయింది. మా అమ్మ వాడు నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఊపిరి చూసేది. మీరేమో నీరు కారిపోతుంది, పీచు మిగులుతుంది అంటున్నారు. పిప్పే పెడతాను. నా చేతి వంట తిని ఎవరూ పడిపోకూడదు.

ఉప్పురాయి | మధ్యాహ్నం 3:05

మీ తమ్ముడి సంగతికి బాధగా ఉంది. కానీ తప్పు కారణం పట్టుకుంటే ఇంకొకరికీ అదే జరుగుతుంది కాబట్టి చెప్పాలి. మెదడులో తిత్తి సరిగ్గా ఉడకని పోర్క్ తిన్నందువల్ల నేరుగా రాదు. అలాంటి మాంసంలో పురుగు పిల్లలుంటే, తిన్నవాళ్ళ పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకి వెళ్ళేది ఆ పురుగు పెట్టిన గుడ్లు మింగినప్పుడు. ఆ గుడ్లు పేగులో పురుగున్న మనిషి మలంలో ఉంటాయి. కడగని చేతుల వల్ల, కలుషితమైన నీళ్ళ వల్ల, సరిగ్గా కడగని పచ్చి కూరల వల్ల నోట్లోకి వస్తాయి. జీవితంలో ఒక్కసారి కూడా పోర్క్ ముట్టనివాళ్ళకీ ఈ జబ్బు వస్తుంది. అంటే ఆ బల్ల మీద మీరు భయపడాల్సింది మాంసానికి కాదు, సలాడ్‌కి.

కీరాముక్క | మధ్యాహ్నం 3:09

తమ్ముడి గురించి చెప్పుకున్న మనిషికి ఇలాగేనా జవాబిచ్చేది?

నిదానం | మధ్యాహ్నం 3:52

కీరాముక్క గారూ, పర్వాలేదు. గుడ్ల సంగతి నాకు తెలుసు. మాకూ డాక్టరు విడమర్చి చెప్పారు. ఉప్పురాయి గారు సగం దగ్గర ఆపారు, మిగతాది నేను చెబుతాను.

ఆ గుడ్లు పెట్టిన పురుగు ఒక మనిషి పేగులో ఉంది కదా, ఆ మనిషికి ఎలా వచ్చింది? ఎక్కడో ఎవరో సరిగ్గా ఉడకని ముక్క తిన్నందుకే. అతనికి పెద్దగా బాధ తెలియదు. చేతులు కడగకుండా సలాడ్ కోస్తాడు, తినేది నా తమ్ముడు. వ్యాధి పాతుకుపోయిన చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఈ పురుగే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ముక్క తిన్నవాడికి ఏమీ కాలేదు, పడిపోయింది ఇంకొకడు. నేను మాంసానికి భయపడేది అందుకు. మీ లెక్క మీ ప్లేటు వరకే చూస్తోంది.

ఉప్పురాయి | సాయంత్రం 5:20

మీరన్నది నిజం. సగం దగ్గర ఆపాను, ఆ మాట అన్న తీరు కూడా బాగాలేదు. పిప్పి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎందుకంత మొండిగా మాట్లాడానో కూడా చెప్పేస్తాను. మా అమ్మ పోర్క్ ఎప్పుడు వండినా ఎండిపోయేది, భయంతో రెండింతలు ఉడికించేది. తిన్న ప్రతిసారీ ఇంట్లో మగవాళ్ళు ఆవిడ చేతినే తప్పుపట్టేవాళ్ళు. ఒక రోజు గిన్నె దించి, ఇక వండనంది. అంతే, మళ్ళీ వండలేదు. థర్మామీటర్ కొన్నాక తెలిసింది, తప్పు ఆవిడ చేతిది కాదు, ఎక్కడ దించాలో ఎవరూ చెప్పకపోవడం. చెప్పడానికి అప్పటికి ఆవిడ లేదు.

అయినా అంకె విషయంలో నా మాట మారదు. బద్దెపురుగు తిత్తులు కూడా 63కి బతకవు. వేడి అందిన ముక్కని రంగు చూసి తిట్టడం అన్యాయం.

నిదానం | సాయంత్రం 5:47

మీ అమ్మగారి గురించి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నా వంటకి కూడా ఆ మాటలు పడ్డాయి.

63కి చస్తాయి, ఒప్పుకుంటాను. నా పేచీ అంకెతో కాదు. ఆ అంకె మీరు చూశారు, ఆ స్నేహితురాలు చూడలేదు. ఆవిడకి కనిపించింది గులాబీ రంగు మాత్రమే. మీ ప్లేటులో మీ ఇష్టం. ఇంకొకరి ప్లేటులో మీ నమ్మకం పెట్టే ముందు అడగాలి.

ఉప్పురాయి | సాయంత్రం 5:58

ఆరుగురిలో ఒకరు భయపడితే అయిదుగురికి ఎండబెట్టాలా?

నిదానం | సాయంత్రం 6:03

ఎండబెట్టమనలేదు. అడగమన్నాను.

పొయ్యిదగ్గర | రాత్రి 8:15

పొద్దుట నేను అడిగింది నిమ్మకాయ గురించి. కానీ నన్ను తినేస్తున్నది నిదానం గారు అన్నదే. ఇందాక ఆ స్నేహితురాలికి ఫోన్ చేశాను. చిన్నప్పుడు వాళ్ళింట్లో పోర్క్ తిని అందరూ జబ్బు పడ్డారట, అప్పటి నుంచి రంగు కనిపిస్తే గొంతు దిగదట. "అడిగితే చెప్పేదాన్ని, నువ్వంత కష్టపడి చేశాక ఎలా అనను" అంది. నేనేమో నా వంటని అవమానించిందని రాత్రంతా నిద్ర పోలేదు.

కొత్తచేయి | రాత్రి 8:31

ఒక మాట చెప్పొచ్చా? లాయిన్ వదిలేసి భుజం ముక్క తీసుకోండి. అందులో కొవ్వూ, కండని పట్టి ఉంచే గట్టి పొరలూ ఎక్కువ. 150 డిగ్రీల ఓవెన్‌లో మూత పెట్టి మూడు, మూడున్నర గంటలు ఉంచితే లోపల 90 దాటుతుంది, ఆ పొరలు కరిగి జిగురుగా మారతాయి. ఫోర్కుతో లాగితే విడిపోతుంది. గులాబీ రంగు ఉండదు, ఎండిపోదు. మా ఇంట్లో ఇదొక్కటే నాకు కుదిరే వంట.

ఉప్పురాయి | రాత్రి 8:44

భుజం ముక్కకి అదే సరైన దారి. ఉప్పు లెక్క మాత్రం మారదు, కిలోకి 15 గ్రాములు, ముందు రోజే. ఊరబెట్టిన ద్రవాన్ని సాస్‌గా పోయాలనుకుంటే విడిగా బాగా తెర్లించాలి, పచ్చి మాంసం తగిలిన నీళ్ళవి. లాయిన్ గురించి మాత్రం నేను ఒప్పుకోను, అది 63 దగ్గర దించాల్సిన ముక్కే.

నిదానం | రాత్రి 8:52

మీరు ఒప్పుకోరని తెలుసు. సలాడ్ ఆకులు ఒక్కొక్కటీ విడదీసి పారే నీళ్ళ కింద కడగండి పొయ్యిదగ్గర గారూ, కోసే ముందు చేతులు సబ్బుతో. పచ్చి మాంసం కోసిన పలక మీద కూరలు పెట్టొద్దు.

రెండోవిజిల్ | రాత్రి 9:10

అన్నం సంగతి ఎవరూ చెప్పలేదు.

పొయ్యిదగ్గర | రాత్రి 9:26

పారేశానండీ. వచ్చే శనివారం ఆవిడ ఒక్కతే వస్తోంది. భుజం ముక్క చెప్పి పెట్టాను. అన్నం అదే, వెల్లుల్లి, నిమ్మతొక్కతోనే, మిగిలితే గంట తిరక్కుండా పల్చగా పరిచి ఫ్రిజ్‌లోకి.